పరీక్షకీ ఇంటికీ మధ్య ఒక గంట

సుబేదారుగారు పోయారన్న కబురు ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. ఏదో పని మిగిలిపోయి ఆ రోజు కూడా నేను నోయిడాలో ఆఫీసులో ఉన్నాను. మా ఆవిడ ఫోన్ చేసి, "గుండె అట. అన్నం తిని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే..." అని ఆగిపోయింది. మళ్ళీ తనే, "రేపు పిల్లలకి ఫిజిక్స్ పేపరు కదా. తను లేకపోతే వ్యాను ఎవరు నడపాలో, ఏ ఇంటి దగ్గర ఎన్నింటికి ఆపాలో అన్నీ ముందే రాసి పెట్టారట. ఆంటీ ఆ కాగితం పట్టుకుని అందరికీ ఫోన్లు చేస్తోంది" అంది.

భర్తని ముందుగదిలో పడుకోబెట్టి, ఆవిడ రేపటి పరీక్ష గురించి ఊళ్ళోవాళ్ళ పిల్లల ఇళ్ళకి ఫోన్లు చేస్తోంది. నేను వెళ్ళేసరికి ఇంకా రెండిళ్ళు మిగిలాయి. నన్ను చూసి చేత్తో కూర్చోమని సైగ చేసి, ఫోనులో, "హాఁ దీదీ, సవా ఆఠ్ బజే. బచ్చే కో బోల్నా గేట్ పే ఖడా రహే" అంటూ పిల్లాణ్ణి ఎనిమిదింబావుకి గేటు దగ్గర నిలబెట్టమని చెప్పి పెట్టేసింది. అప్పుడు ఏడ్చింది.

ఆయన్ని ఎరగనివాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఎరిగినవాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

ఆయనది శ్రీకాకుళం దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్ళకి సైన్యంలో చేరి, దాదాపు ముప్ఫై ఏళ్ళు కొండదారుల్లో లారీలు నడిపారు. సుబేదారుగా దిగిపోయాక సొంతూరు వెళ్ళకుండా ఢిల్లీ పక్కన వైశాలిలో, మా బ్లాకులోనే కింది అంతస్తు ఇల్లు తీసుకున్నారు. కూతురి చదువు అప్పటికి ఇక్కడ సగంలో ఉంది. ఊరికే కూర్చోలేని మనిషి కాబట్టి ఒక పాత వ్యాను కొని స్కూలు పిల్లల్ని తిప్పడం మొదలుపెట్టారు. పిల్లలకి ఆయన వ్యాన్ అంకుల్. మాకు సుబేదారుగారు. పొట్టిగా, గట్టిగా ఉండేవారు. మోకాళ్ళ నొప్పుల వల్ల మెట్లెక్కేవారు కాదు. ఎవరితో పనున్నా కింద నిలబడి ఒక్క కేక వేసేవారు. నాలుగో అంతస్తులో ఉన్నవాళ్ళు కూడా బాల్కనీలోకి వచ్చేసేవారు.

అప్పటికి మెట్రో మా వైపు రాలేదు. పదో తరగతి, పన్నెండో తరగతి పరీక్షలంటే పిల్లలకి వేరే ఏదో స్కూల్లో సెంటరు పడేది. ఒకడికి ఘాజియాబాద్ లోపల, ఇంకొకడికి యమునకి అవతల. ఉదయం పూట ఆ ఢిల్లీ సరిహద్దు దాటడం ఎంత పనో అక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు. పరీక్షల డేట్ షీటు వచ్చి, సెంటర్లు తెలిసిన మరుసటి ఆదివారం ఆయన తల్లిదండ్రులందరినీ తన ఇంటికి పిలిచేవారు. ఆంటీ టీ ఇచ్చేది. ఆయన నల్ల అట్ట పుస్తకం తెరిచి, సైన్యంలో బండ్లు బయల్దేరే ముందు చెప్పినట్టు చెప్పేవారు. ఎవరికి ఏ సెంటరు, ఏ దారి, ఆ దారి మూసుకుపోతే ఏ దారి, రైలు గేటు ఎన్నింటికి పడుతుంది, ఎక్కడ రోడ్డు తవ్వారు. ఆ సెంటర్లన్నిటికీ ముందే రెండుసార్లు వెళ్ళి వచ్చేవారు. ఒకసారి సెలవు రోజు దారి చూడ్డానికి, ఇంకోసారి మామూలు రోజు సరిగ్గా అదే టైముకి ట్రాఫిక్ చూడ్డానికి.

మార్చిలో హోళీ వస్తుంది. దానికి వారం ముందు నుంచే రోడ్డు మీద వచ్చేపోయేవాళ్ళ మీద రంగునీళ్ళ బుడగలు విసురుతారు. అందుకని అడ్మిట్ కార్డులన్నీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టించేవారు. వ్యాన్లో రెండు యూనిఫాం చొక్కాలు అదనంగా ఉండేవి. అదనపు పెన్నులు, అట్టలు, నీళ్ళు, వాంతులకి నిమ్మకాయ. "రోడ్డుకి మన పేపరు సంగతి తెలీదు బావూ. మనమే రోడ్డు సంగతి తెలుసుకోవాల" అనేవారు. ఆ ప్రాంతం వాళ్ళు బాబూ అనే పిలుపుని అలా బావూ అంటారు. నన్ను ఎప్పుడూ అలాగే పిలిచారు.

ఆయన వ్యానులో వెళ్ళిన పిల్లలకి ఏనాడూ ఆలస్యం కాలేదు. ఆ పేరు చుట్టుపక్కల సెక్టార్ల దాకా పాకింది. ఆయనకీ దాని మీద కొంచెం గర్వం ఉండేది. ఆ ఒక్క రోజు దాకా.

మా అబ్బాయి తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడు అది. మా వెనక బ్లాకులో హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చిన ఒక కుటుంబం ఉండేది. తండ్రి ఏదో ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసేవారు. వాళ్ళమ్మాయి పదో తరగతి. జుట్టు రెండు జడలు వేసుకుని, ఎప్పుడూ వ్యానులో చివరి సీట్లో కిటికీ పక్కన కూర్చునేది. బాగా చదివే పిల్లే. లెక్కల పరీక్ష రోజు ఆనంద్ విహార్ దగ్గర ఒక లారీ అడ్డంగా ఆగిపోతే, సుబేదారుగారు ముందే అనుకున్న రెండో దారిలో తిప్పి, ఇరవై ఐదు నిమిషాల ముందే పిల్లల్ని సెంటరు గేటు దగ్గర దింపారు. ఆ పిల్ల లోపలికి వెళ్ళేదాకా చూశారు. ఆ పూట ఆయన చాలా సంతోషంగా ఉన్నారని ఆంటీ తర్వాత చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు పిల్లలంతా క్వశ్చన్ పేపర్లు తీసి జవాబులు సరిచూసుకుంటున్నారు. ఆ పిల్ల ఒక్కతే మాట్లాడలేదు. కిటికీ అద్దం జరిపి బయటకు చూస్తోంది. రోడ్డు పనులు జరుగుతున్నాయి. ఆయన అద్దంలో చూసి, "కిటికీ మూసీయమ్మా, దుమ్మొస్తంది" అన్నారు. ఆమె మూసేసింది. ఇంటి దగ్గర దిగింది. థాంక్యూ అంకుల్ అని రోజూ అన్నట్టే అంది.

సాయంత్రానికి ఆ పిల్ల లేదు. తన ప్రాణం తనే తీసుకుంది. ఎలా అన్నది నేను రాయను. అది ఎవరికీ అవసరం లేదు.

మర్నాడు ఆ తండ్రి సుబేదారుగారి ఇంటికి వచ్చారు. నేను అక్కడే ఉన్నాను. గడ్డం మాసి, చెప్పులు లేకుండా వచ్చారు. గుమ్మంలోనే నిలబడి, "బండ్ల ఏమన్న చెప్పిందా సార్ నా బిడ్డ? ఏమన్న అన్నదా?" అని అడిగారు.

సుబేదారుగారు లేచి నిలబడ్డారు. అబద్ధం చెప్పొచ్చు. మిమ్మల్ని తలుచుకుందనో, నవ్విందనో ఏదో ఒకటి చెప్పొచ్చు. ఆయన చెప్పలేదు. "ఏమీ అనలేదు సార్. ఉలకలేదు, పలకలేదు. నేనే... కిటికీ మూసీయమన్నాను. దుమ్మొస్తందని. మూసీసినాది" అన్నారు.

ఆ తండ్రి, "అంతేనా?" అన్నారు.

"అంతే సార్."

ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. రెండు నెలలకి ఆ కుటుంబం కరోల్ బాగ్ వైపు ఇల్లు మారిపోయింది. తర్వాత సుబేదారుగారితో ఆయన మాట్లాడినట్టు మాకెవరికీ తెలియదు.

మే నెలాఖరులో ఫలితాలు వచ్చాయి. పిల్లలందరి రోల్ నంబర్లూ సుబేదారుగారి పుస్తకంలో ఉండేవి. ఆ పిల్ల నంబరు కూడా ఉంది. నెట్ సెంటరుకి ఒక్కరే వెళ్ళి ఆ నంబరు కొట్టించి చూశారట. నాకు ఆ సంగతి చాలా ఏళ్ళ తర్వాత, ఆయన ఒంట్లో బాగాలేనప్పుడు చెప్పారు. "లెక్కలు పాసైపోనాది బావూ" అన్నారు. తర్వాత చాలాసేపు మంచం పట్టె మీద గోరుతో గీస్తూ ఉండిపోయారు.

మరుసటి ఏడు మా అబ్బాయి పదో తరగతి. ఇక్కడ నా గురించి కొంత చెప్పాలి. లేకపోతే ఆయన గురించి చెప్పింది సగమే అవుతుంది. నేను ఆఫీసులో ప్రాజెక్టుల ప్లానింగు చూసేవాణ్ణి. కొడుకు పరీక్షలు కూడా ఒక ప్రాజెక్టే అనుకున్నాను. నవంబరులోనే చార్టు పేపరు తెచ్చి, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో మార్చి దాకా రోజువారీ పట్టిక గీశాను. పొద్దున్న అయిదింటికి లేవడం నుంచి రాత్రి పడుకునే దాకా ప్రతి అరగంటకీ ఒక గడి. స్నానానికి పావుగంట. వాడి మంచానికి ఎదురుగా గోడకి అంటించాను. వాడు దాన్ని చూసి, "ఠీక్ హై పాపా" అన్నాడు. వాడికి తెలుగు అర్థమవుతుంది. జవాబు మాత్రం హిందీలోనే. వాడు ఒప్పుకున్నాడనుకున్నాను. వెనకింటి పిల్ల చనిపోయి అప్పటికి ఎనిమిది నెలలే. అది వాళ్ళింట్లో జరిగిన విషాదం అనుకున్నానే తప్ప, నా గోడ మీది చార్టుకి దానితో ఏ సంబంధమూ కనబడలేదు.

ఆ ఫిబ్రవరిలో సుబేదారుగారు ఎప్పటిలా మమ్మల్ని పిలిచారు. దారులు, టైములు అన్నీ చెప్పారు. చివర్లో పుస్తకం మూసి, "ఒక మార్పు ఉంది. పేపరయ్యాక పిల్లల్ని నేరుగా ఇళ్ళకి తేను. ఒక గంట ఆలస్యంగా తెస్తాను" అన్నారు.

ఎవరో, "క్యోఁ? ట్రాఫిక్?" అని అడిగారు.

"ట్రాఫిక్ కాదు. దారిలో పార్కు దగ్గర ఆపుతాను. మా ఆవిడ ఏదో ఒకటి చేసి ఇస్తాది, తింటారు. క్వశ్చన్ పేపర్లు నా దగ్గర డబ్బాలో ఉంటాయి, ఇంటి దగ్గర దిగినాక ఇస్తాను. ఆ గంటలో పేపరు గురించి ఎవరూ మాట్లాడరు."

గదిలో గొణుగుడు మొదలైంది. అందరికంటే ముందు నోరు తెరిచింది నేనే. "సుబేదారుగారూ, పరీక్షల్లో గంటంటే మాటలా? ఆ గంటలో కెమిస్ట్రీ ఒక పాఠం తిరగేయొచ్చు. మా పట్టికంతా తారుమారవుతుంది" అన్నాను.

"తెలుసు బావూ."

"మరి?"

ఆయన పుస్తకం మీద అరచెయ్యి వేసి ఉంచారు. "నేను కాన్వాయ్‌లు నడిపినాను. యాభై, అరవై బళ్ళు వరసగా కొండెక్కేవి. ఎక్కేటప్పుడు అందరూ జాగర్తే. నిద్ర మానీసి నడుపుతారు. సామాను దించీసి, ఖాళీ బండితో దిగేటప్పుడే లోయలో పడతారు. పనైపోనాదని మనసు ఒగ్గీస్తారు గదా, అప్పుడు. మా అధికారులు ఎల్లే దారి ప్లానుతో పాటే వచ్చే దారి ప్లానూ రాయించేవోళ్ళు. అది తెలిసినోణ్ణి నేను. తెలిసుండీ..." అని ఆగిపోయారు. తర్వాత, "పోయినేడు ఎల్లే దారే చూసినాను. వచ్చే దారి చూడలేదు" అన్నారు.

ఆ మాటతో గది చల్లబడిపోయింది. అయినా మర్నాటికి ముగ్గురు తల్లిదండ్రులు వేరే వ్యాను చూసుకున్నారు. పిల్లల్ని భయపెడుతున్నాడని ఒకరన్నారు. ఆయనకే మనసు బాగాలేదని, అలాంటి మనిషి చేతిలో పిల్లల్ని పెట్టడమేమిటని ఇంకొకరు. నేను కూడా మారిపోదామనే అనుకున్నాను. మా ఆవిడే వద్దంది. "మీ పట్టికలో ఆ గంటకి గడి లేకపోతే నిద్రలోంచి తీసేయండి" అంది. ఆవిడ నాతో అంత కటువుగా మాట్లాడటం అదే మొదలు.

ఇంగ్లిషు, సైన్సు అయ్యాయి. రోజూ గంట ఆలస్యంగా వచ్చేవాడు. వేళ్ళకి పులిహోర పసుపు. నేను గడియారం చూసి పళ్ళు కొరుక్కునేవాణ్ణి.

లెక్కల పరీక్ష రోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. మూడున్నరకి రావాల్సినవాడు నాలుగైనా రాలేదు. నాలుగున్నరకి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఒక అడుగు వేసి, ఆగి, మళ్ళీ ఒక అడుగు. తలుపు తీస్తే సుబేదారుగారు. మూడంతస్తులు ఎక్కి వచ్చారు. ముఖమంతా చెమట. ఒక చెయ్యి మా అబ్బాయి భుజం మీద ఉంది. వాడి చేతులు మోచేతుల దాకా నల్లగా, గ్రీజు మరకలతో ఉన్నాయి. తల ఎత్తడం లేదు.

"ఎలా రాశావురా?" అన్న మాట నా నోటి చివరి దాకా వచ్చింది. ఆయన నాకేసి చూసి తల అడ్డంగా ఊపారు. మా ఆవిడతో, "ముందు అన్నం పెట్టమ్మా" అన్నారు. "బావూ, మీరు ఒకపాలి నాతో కిందికి రండి."

మెట్లు దిగుతుంటే ఒక్కో మెట్టుకీ గోడ పట్టుకున్నారు. కింద వ్యాను పక్కన నిలబడ్డాక చెప్పారు.

"పేపరు సగం ఒగ్గీసినాడు. మూడో ప్రశ్న దగ్గర లెక్క తేలక, రాసిందంతా కొట్టీసినాడట."

నా తలలో మొదట వచ్చినది మార్కుల లెక్క. అది దాచి ప్రయోజనం లేదు. సగం పోతే ఎంత, మిగతా సబ్జెక్టులతో కలిపితే ఎంత అన్నదే ముందు వచ్చింది. అదే ఆయనతో అన్నాను కూడా. "అంటే పాసవడా?"

ఆయన నా ముఖంలోకి చూశారు. కోప్పడలేదు. "ఇంటికి రానన్నాడు బావూ" అన్నారు.

"రానన్నాడా? అంటే?"

"అంతే అన్నాడు. పాపాకి చెప్పలేను, ఇంటికి రాను అని. రెండుసార్లు అన్నాడు. అన్నాడు గదా, అది మంచిదే. అననోళ్ళతోనే భయం" అన్నారు.

ఎండగా ఉంది. పార్కింగులో ఎవరో బండి కడుగుతున్నారు. నేను వ్యాను మెట్టు మీద కూర్చుండిపోయాను. ఆయన నా పక్కనే, మోకాలు పట్టుకుని, నెమ్మదిగా కూర్చున్నారు.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అని అడిగాను. ఎన్నో పట్టికలు గీసినవాణ్ణి, ఆ సాయంత్రం ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

"ఇయాళ ఏమీ అడక్కండి. రేపూ అడక్కండి. ఆడే చెప్తాడు. చెప్పినప్పుడు మధ్యలో మాటాడకండి" అన్నారు. లేచేటప్పుడు, "ఆ గోడ మీద కాగితం తీసీయండి. ఆడు చెప్పినాడు దాని గురించి" అన్నారు.

నేను పైకి వెళ్ళేసరికి వాడు అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. తినడం లేదు. మా ఆవిడ వాడి వీపు మీద చెయ్యి వేసి పక్కన కూర్చుంది. నేను వాడి గదిలోకి వెళ్ళి చార్టు తీశాను. అది సరిగ్గా ఊడలేదు. నాలుగు మూలలా టేపుతో పాటు గోడ సున్నం కూడా ఊడి వచ్చింది. ఆ చప్పుడుకి వాడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నేను కాగితం చుట్టుకుంటూ, "రా, నువ్వు తినందే అమ్మ తినదు" అన్నాను. అప్పుడు వాడు ఏడ్చాడు. మూడో రోజు, మిగతా సంగతులన్నీ వాడే చెప్పాడు. కొన్ని మాటలు విని తట్టుకోవడం నాకు కష్టమైంది. మధ్యలో మాట్లాడలేదు.

లెక్కల్లో పోయింది. జూలైలో మళ్ళీ రాయాల్సి వచ్చింది. ఆ పరీక్షకి వ్యానులో మా వాడొక్కడే. సుబేదారుగారు ఎప్పటిలా ముందే రెండుసార్లు సెంటరు చూసి వచ్చారు. మూడు గంటలు ఎండలో గేటు బయట నిలబడ్డారు. నేను కూడా వెళ్ళాను. వ్యానులో కూర్చోండి అంటే, "బయటికి రాగానే కనబడాల బావూ" అన్నారు. వాడు బయటికి వచ్చాక మేం ముగ్గురం పార్కులో ఒక గంట కూర్చున్నాం. ఆంటీ కట్టిచ్చిన నిమ్మకాయ పులిహోర తిన్నాం. నేను ఏమీ అడగలేదు. వాడు పాసయ్యాడు. గొప్ప మార్కులేమీ కావు. ఇప్పుడు కాలేజీలో బీకాం చదువుతున్నాడు, ఉదయం లేవడానికి బద్ధకిస్తాడు, నాతో వాదిస్తాడు.

పార్కులో ఆ రోజు ఆయన ఏం చెప్పారని చాలా కాలం తర్వాత వాణ్ణి అడిగాను. ఏదో పెద్ద మాట చెప్పి ఉంటారనుకున్నాను.

"కుఛ్ నహీఁ బోలే పాపా, ఏమీ చెప్పలేదు" అన్నాడు, ఇప్పుడు సగం తెలుగు కలుపుతూ. "టైరు మార్చాలి, పట్టుకో అన్నారు. పంక్చర్ థా హీ నహీఁ. బాగున్న టైరే ఊడదీయించారు. మళ్ళీ బిగించమన్నారు. నట్లు సరిగ్గా బిగియలేదని మళ్ళీ విప్పించారు. బస్, ఉసీ మే మైఁనే బోల్ దియా, అన్నీ చెప్పేశాను."

తర్వాత తెలిసింది, ఆ గంటలో అలా టైరు మార్చిన పిల్లలు ఇంకా చాలామంది ఉన్నారని. ఎవరి ముఖం చూసి జాకీ తీయాలో ఆయనకి ఎలా తెలిసేదో నేను ఎన్నడూ అడగలేదు.

ఇదంతా రాస్తే ఆయన గెలిచినట్టు అనిపించొచ్చు. ఆయన అలా అనుకోలేదు. ఆయన వ్యానులో మళ్ళీ ఎన్నడూ సీట్లన్నీ నిండలేదు. ఫిబ్రవరి వస్తే నిద్ర పట్టేది కాదని ఆంటీ చెప్పేది. పోయినేడు గుండెకి ఆపరేషన్ చెయ్యాలన్నారు. డాక్టరు చెప్పిన తేదీ పరీక్షల మధ్యలో పడిందని వాయిదా వేశారు. మళ్ళీ తేదీ తీసుకోలేదు. నేను కోప్పడితే, "ఇన్నేళ్ళు ఇంతమందిని తెచ్చినాను. ఆ ఒక్క ట్రిప్పు మాత్రం అయిపోలేదు బావూ. గేటు లోపలికి ఎల్లడం చూసీసి, అయిపోనాదనుకున్నాను" అన్నారు. ఆ మాట అన్నది ఈ జనవరిలో.

సోమవారం పొద్దున్న ఎనిమిదింబావుకి, ఆయన రాసి పెట్టినట్టే, ఆయనతో సైన్యంలో పనిచేసిన ఒక హవల్దారు వచ్చి వ్యాను తీశారు. మా బ్లాకు పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, ఆయన పడుకున్న గది కిటికీలోంచి చూసి, ఎక్కి కూర్చున్నారు. తొమ్మిదిన్నరకి విశాఖపట్నం నుంచి కూతురు వచ్చింది. హిండన్ నది ఒడ్డుకి తీసుకెళ్ళాం. కూతురే నిప్పు పెట్టింది.

అక్కడ జనం వెనక ఒక మనిషి విడిగా నిలబడి ఉన్నారు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నాకు గుర్తుపట్టడానికి కొంత సమయం పట్టింది. వెనక బ్లాకు అమ్మాయి తండ్రి. ఆంటీ ఆయనకి కూడా ఫోన్ చేసిందట. అంతా అయ్యాక, బస్టాండు దాకా దింపుతానని నేనే అడిగాను. మోహన్ నగర్ దాటాక ఆయనే మొదలుపెట్టారు.

"ఏడాదికోపారి ఫోన్ చేస్తుండె సార్, గా రోజు. లెక్కల పరీక్ష ఉన్న రోజు. నేను ఎత్తకపోతుంటి. నాలుగేండ్లు ఎత్తలే. పోయినేడు ఎత్తిన."

"ఏమన్నారు?"

"ఏమనలే. 'ఉన్నరా సార్' అన్నడు. ఉన్న అన్న. 'సరె సార్' అని పెట్టేసిండు." ఆయన కిందికి చూస్తూ ఉన్నారు. "నేను గూడ ఏమన్న అనేదుండె."

వైశాలి మలుపు దగ్గర సిగ్నల్ పడింది. పరీక్ష అయిపోయినట్టుంది, ఎక్కడి సెంటరు పిల్లలో, అట్టలు చేత్తో పట్టుకుని గుంపుగా రోడ్డు దాటుతున్నారు. కొందరు నవ్వుతున్నారు. కొందరు వేళ్ళ మీద మార్కులు లెక్కపెట్టుకుంటున్నారు. పచ్చ దీపం వచ్చింది. నేను గేరు మార్చబోతే ఆయన నా చేతి మీద చెయ్యి వేశారు.

"ఆగుండ్రి సార్."

వెనక హారన్లు మొదలయ్యాయి. ఒక స్కూటరువాడు పక్కకి వచ్చి కారు మీద చరిచి ఏదో తిట్టి పోయాడు. ఆయన చెయ్యి తీయలేదు. గుంపు దాటిపోయింది. ఆఖరున ఒక అమ్మాయి మిగిలింది. క్వశ్చన్ పేపరు ముఖానికి దగ్గరగా పట్టుకుని, ఒక్కో ప్రశ్న దగ్గరా ఆగుతూ, మా కారు ముందు నుంచి మెల్లగా నడుస్తోంది. హారన్లు ఆమెకి వినబడుతున్నట్టు లేదు. ఆమె అవతలి ఫుట్‌పాత్ ఎక్కి, అక్కడ ఎదురుచూస్తున్న ఒకావిడ ఆమె చేతిలోంచి ఆ కాగితం తీసుకుని, మడిచి, సంచిలో పెట్టుకునేదాకా మేమిద్దరం అలాగే కూర్చున్నాం.